చేతికి తెలియని చోటు

స్పర్శ పరీక్షలో హైమ రెండుసార్లు తప్పింది. మూడోసారికి విశ్వవిద్యాలయం ఆమె చేతికి వాళ్ళ తాత చేతిని తొడిగింది.

చంపావతి క్రీడా విశ్వవిద్యాలయం విజయనగరం దాటాక నెల్లిమర్ల దారిలో ఉంటుంది. అక్కడ క్రీడా చికిత్స కోర్సు నాలుగేళ్ళు. చదువు ఒక ఎత్తయితే, మైదానంలో పన్నెండు వందల గంటలు పనిచేసి, గంట గంటకూ పర్యవేక్షకుల సంతకం పెట్టించుకోవడం మరో ఎత్తు. అది పూర్తయితేనే సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోనిస్తారు. హైమకు ఎముకల పేర్లు నిద్రలో లేపి అడిగినా వచ్చు. మడమకు టేపు చుట్టడంలో ఆమె తరువాతే ఎవరైనా. మెడకు దెబ్బ తగిలినవాణ్ణి కదలనివ్వకుండా బల్ల మీదికి చేర్చేటప్పుడు తల దగ్గర నిలబడి లెక్క చెప్పేది ఆమే. కానీ కళ్ళకు గంతలు కట్టి, ఆటగాడి భుజం మీద చెయ్యి వేయించి "నొప్పి ఎక్కడుందో చెప్పు" అన్నారంటే మాత్రం ఆమె వేళ్ళకు చర్మం, కండ తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

ఈ సంగతి ఇంకెవరికైనా అయితే చిన్నదే. హైమ మాత్రం లంక సూరిదేముడి మనవరాలు.

సూరిదేముడు విజయనగరం వ్యాయామశాలలో నలభై నాలుగేళ్ళు మాలీషు పని చేశాడు. బరువులెత్తేవాళ్ళు, కుస్తీవాళ్ళు, కబడ్డీవాళ్ళు పోటీలకు వెళ్ళేముందు ఆయన చాప మీద పడుకుని లేచి వెళ్ళేవారు. బొటనవేలితో వీపు మీద ఒక్కసారి అదిమి, "ఈ వారం ఎత్తకు. నాలుగు రోజుల్లో తెగిపోద్ది" అనేవాడు. వినకుండా ఎత్తినవాడికి నాలుగో రోజో అయిదో రోజో తెగేది. ఆ పేరు విని విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ సుభాషిణి వచ్చింది. పద్దెనిమిది నెలలపాటు ఆయన తలకు తీగల టోపీ, చేతులకు పల్చటి తొడుగులు పెట్టి, పదకొండు వందల నలభై మంది ఆటగాళ్ళ ఒళ్ళు పట్టించింది. ఏ ఒత్తిడికి, ఏ బిగువుకు ఆ ముసలాయన మెదడు ఉలిక్కిపడిందో అంతా యంత్రం నేర్చుకుంది. అలా తయారైన తొడుగుకు ఆమె కరదీపిక అని పేరు పెట్టింది.

అది ఉల్లిపొరలా ఉండేది. వేలి కొసల నుంచి మోచేతి దాకా వచ్చేది. హైమ దాన్ని వేసుకుని, గంతలు కట్టించుకుని, బల్ల మీద పడుకున్న బరువుల కుర్రాడి భుజం మీద చెయ్యి వేసింది. మొదట ఏమీ లేదు. వేళ్ళు రెక్క ఎముక అంచు దాటి కిందికి దిగగానే ఎవరో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపినట్టు తొడుగు బిగిసింది. హైమ అక్కడే ఆగి అదిమింది. కుర్రాడు "అబ్బా" అన్నాడు.

"ఇక్కడ" అంది హైమ.

"సరిగ్గా అక్కడే" అంది సుభాషిణి.

హైమ గంతలు విప్పాక కళ్ళు తుడుచుకుంది. పరీక్ష గట్టెక్కినందుకే అని అందరూ అనుకున్నారు.

* * *

ఆ ఆదివారం హైమ ఇంటికి వెళ్ళేసరికి సూరిదేముడు అరుగు మీద కూర్చుని చొక్కా గుండీలతో అవస్థ పడుతున్నాడు. షుగరు వచ్చి పన్నెండేళ్ళయింది. కరదీపిక పని అయిపోయిన ఏడాదికే వేలి కొసలు మొద్దుబారాయి. కాఫీ గ్లాసు వేడి కూడా తెలియక ఒకసారి చెయ్యి కాల్చుకున్నాడు.

హైమ గుండీలు పెట్టి పక్కన కూర్చుంది. "తాతా, మొన్న నీ చెయ్యి నాకు తగిలింది" అంది.

"ఏటి తగిలింది?"

ఆమె చెప్పింది. ఆయన మెడ ముందుకు చాచి విన్నాడు. "రెక్క కిందా? ఆ, అక్కడ దారపు ఉండలా తగుల్తాది. తగిలిందేటి?"

"ఉండ నాకు తెలీలేదు తాతా. నువ్వు పట్టుకుని ఆపినట్టు మాత్రం తెలిసింది."

సూరిదేముడు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "ఈ సేతులు ఇప్పుడు నా కాడ లేవమ్మా. నీ కాడే ఉన్నాయి" అన్నాడు. గర్వంగానే అన్నాడు.

హైమకు చిన్నప్పుడు ఆ చేతుల పని నేర్చుకోవాలని ఉండేది. వ్యాయామశాల గుమ్మం దగ్గర నిలబడితే "ఒలే, ఆడపిల్లకి ఈడ పనేటే? ఇంటికి ఎల్లు" అని తరిమేవాడు. ఆయన నేర్పననడంతోనే ఆమె విశ్వవిద్యాలయంలో చేరింది. ఇప్పుడు దారి మారి, ఆ చెయ్యే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. అందులో ఆమెకు ఉన్న ఆనందం ఎవరికీ చెప్పుకునేది కాదు.

తొడుగు వచ్చాక విభాగంలో పనితీరు నెమ్మదిగా మారిపోయింది. ముందు అడగాలి, తరువాత చూడాలి, ఆఖరున ముట్టుకోవాలి అని మొదటి ఏడాది నేర్పుతారు. ఒక్కో ఆటగాడికి నలభై నిమిషాలు పట్టేది. నాలుగు పేజీల ప్రశ్నలుండేవి, తిండి ఏమిటి, నిద్ర ఎంత, నొప్పి పొద్దున్నా సాయంత్రమా, పాత దెబ్బలేమిటి అంటూ. తొడుగుతో అయితే ఆరు నిమిషాల్లో తేలిపోతోంది. ప్రశ్నలు అడగొద్దని ఎవరూ చెప్పలేదు. నాలుగు పేజీలు రెండయ్యాయి, రెండు ఒకటయింది, ఆ ఒకటీ కాగితాల అడుగుకు పోయింది. అంతే.

* * *

నాలుగో ఏడాది హైమను మహిళల అథ్లెటిక్స్ జట్టుకు వేశారు. ఆ జట్టులో ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తే అమ్మాయి మైలపల్లి నూకరత్నం. అందరూ రత్నం అంటారు. పూసపాటిరేగ అవతల సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చింది. ఇసుకలో పరిగెత్తి పెరిగిన పిల్ల. ట్రాక్ మీద ఆమె పాదాల చప్పుడు పెద్దగా వినపడేది కాదు.

ఒకరోజు సాధన అయ్యాక రత్నం బల్ల మీదికి ఎక్కి కూర్చుంది. "అక్కా, ఎడం గజ్జల్లో లాగేస్తంది. లోపలెక్కడో."

హైమ తొడుగు వేసుకుని తుంటి ముందు భాగం, గజ్జ, తొడ లోపలి కండరాలు అన్నీ ఓపికగా వెతికింది. తొడుగు వదులుగానే ఉంది. ఎక్కడా బిగియలేదు.

"ఏమీ లేదు రత్నం."

"ఏమీ లేదా? పరిగెత్తితే మట్టుకు బాగా తెలుస్తంది అక్కా."

"సాధన పెంచారు కదా, కండరాలు అలిసిపోయాయి. ఉంటే మా తాత చేతికి తెలియకుండా ఉండదు."

కాగితం మీద 'గాయం లేదు, పరుగుకు అనుమతి' అని రాసి సంతకం చేసింది. వారం తరువాత రత్నం మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే జరిగింది. మూడో వారం హైమే పిలిచి చూసింది. తొడుగు పలకలేదు. రత్నం బల్ల దిగుతూ, "పోన్లే అక్కా, నాదే అనుమానం. నొప్పిని తల్చుకుంటే ఎక్కువవుద్దని మాయమ్మ కూడా అంది" అని నవ్వేసింది. తరువాత ఇక ఆ మాట ఎత్తలేదు.

అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు విశాఖలో జరిగాయి. రెండో చుట్టులో ఆఖరి మలుపు దగ్గర రత్నం రెండో స్థానంలో ఉంది. ముందున్న అమ్మాయిని దాటడానికి పక్కకు జరిగి అడుగు పెద్దది చేసింది. ఆ అడుగు నేలకు తగలగానే ఎడమ కాలు ఆమె కింద లేనట్టే అయిపోయింది. ట్రాక్ అంచున ఉన్న హైమకు చప్పుడు వినిపించింది. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు అనవచ్చు గానీ, ఆ తరువాత చాలా రోజులు హైమకు అది దేనితోనూ పోల్చాలనిపించలేదు.

సంచి తీసుకుని పరిగెత్తింది. రత్నం లేవబోతుంటే భుజాలు పట్టి పడుకోబెట్టింది. ఎడమ పాదం బయటికి తిరిగిపోయి ఉంది. కాలు రెండో దానికంటే పొట్టిగా కనిపిస్తోంది. హైమ అన్నీ నేర్చుకున్నట్టే చేసింది. కాలు కదలకుండా కట్టింది, పాదంలో నాడి చూసింది, స్ట్రెచర్ పిలిచింది. చేతులు తడబడలేదు. స్ట్రెచర్ ఎత్తేటప్పుడు రత్నం ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏమీ లేదన్నావు కదక్కా."

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అంది.

* * *

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, రత్నం తల్లి దానమ్మను అడిగాడు. "అమ్మాయికి నెలనెలా సరిగ్గా వస్తోందామ్మా?"

దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎనిమిది నెల్లయింది బాబూ ఆగిపోయి. పరిగెత్తేవోళ్ళకి అలగే అవుద్దని ఎవలో అంటే ఊరుకున్నాం."

"తిండి?"

"బరువు పెరిగితే పరుగు తగ్గుద్దని రేత్రిపూట తినదు."

డాక్టరు తొడ ఎముక పైకొచ్చి తుంటిలో కలిసే మెడ దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఎముక నెలల తరబడి పలచబడుతూ వచ్చింది. కనీసం నెల కిందటే సన్నటి బీట పడింది. గజ్జల్లో నొప్పి దాని వల్లే. అప్పుడే పరుగు ఆపి ఉంటే విశ్రాంతితో, తిండితో పోయేది. "ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ అడగలేదా?" అన్నాడు.

హైమ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ రెండు ప్రశ్నలూ రెండో ఏడాది పుస్తకంలో ఉన్నాయి. ఆ పాఠం మీద పెట్టిన పరీక్షలో ఆమెకు ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి.

మర్నాడు ఆపరేషన్ చేసి మూడు మరలు బిగించారు.

విభాగంలో విచారణ మొదలైంది. ప్రయోగశాల వాళ్ళు ఆ మూడు రోజుల తొడుగు రికార్డులు తీశారు. తొడుగు పాడవలేదు. వేళ్ళు సరైన చోటే తిరిగాయి. ఒత్తిడి సరిపోయింది. మరి ఎందుకు పలకలేదో ఎవరికీ అంతుపట్టలేదు. హైమ అనుమతి అడిగి, తొడుగుకు నేర్పడానికి వాడిన పదకొండు వందల నలభై మంది పేర్ల జాబితా తెప్పించుకుంది. గ్రంథాలయంలో కూర్చుని మొదటి పేరు నుంచి చదివింది. వయసు, ఆట, దెబ్బ. అప్పలరాజు, బరువులు. సన్యాసిరావు, కుస్తీ. గౌరునాయుడు, కబడ్డీ. మూడు వందలు దాటేసరికి ఆమెకు అర్థమైంది. అయినా ఆఖరి పేరు దాకా చదివింది. ఒక్క ఆడపేరు లేదు.

జాబితా పట్టుకుని సుభాషిణి గదికి వెళ్ళింది.

"మేడమ్, ఇందులో అమ్మాయిలు ఎవరూ లేరు."

సుభాషిణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మొదటి రోజే ఒక అమ్మాయిని తీసుకొచ్చాం హైమా. హాకీ ఆడే అమ్మాయి. మీ తాతగారు చేతులు జోడించి చాప మీంచి లేచిపోయారు. పెద్దాయన, బలవంతం చేయలేం కదా. ఆడపిల్లల సంగతి రెండో దశలో చూద్దామని రాసుకున్నాం."

"రెండో దశ చేశారా?"

"మొదటి దశ ఫలితాలు అంత బాగా వచ్చాక అందరూ తొందరపెట్టారు..." ఆమె ఆగింది. కాసేపు తన చేతివేళ్ళ వంక చూసుకుంటూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "ఉంది అనిపిస్తే తొడుగు బిగుస్తుంది. లేదు అంటే వదులుగా ఉంటుంది. ఆయన ఎప్పుడూ ముట్టుకోని ఒళ్ళయితే, ఏమీ తెలియకపోతే..."

"వదులుగానే ఉంటుంది" అంది హైమ.

కిటికీలోంచి మైదానంలో ఎవరో ఈల వేస్తున్న చప్పుడు వచ్చింది.

కొంతసేపటికి సుభాషిణి లేచి తలుపు దగ్గరికి వేసింది. "పంతొమ్మిది అకాడమీల్లో ఈ తొడుగు వాడుతున్నారు. ఒక్కసారిగా ఈ మాట బయటపడితే మొత్తం పని ఆగిపోతుంది. మగపిల్లల విషయంలో ఇది ఎంతమందిని కాపాడిందో నీకు తెలుసు. నివేదికలో విద్యార్థి పొరపాటు అని ఉంటే నీకు ఒక్క ఏడాది పోతుంది, అంతే. ప్రశ్నలు అడగకపోవడం నీ పొరపాటే కదా, అది అబద్ధం కాదు. తొడుగు సంగతి నేను సరిదిద్దుతాను, నా మాట నమ్ము. మీ తాతగారి పేరు కూడా నిలుస్తుంది."

ఆమె చెడ్డ మనిషి కాదని హైమకు తెలుసు. అందుకే జాబితా తీసుకుని బయటికి వచ్చింది.

* * *

సూరిదేముడు మధ్యాహ్నం కునుకు తీసి లేచాడు. హైమ ఆయనకు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"తాతా, నువ్వెప్పుడైనా ఆడపిల్లకి ఒళ్ళు పట్టావా?"

"ఛ, ఛ! ఏటే ఆ మాటలు?" ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "నలభై నాలుగేళ్ళు సేసినాను. ఒక్క ఆడకూతురి మీద సెయ్యేసినానని ఎవడైనా అనమను. సూరిదేముడంటే అదీ పేరు."

ఆయన జీవితంలో దాచుకున్న గౌరవం అదొక్కటే. అయినా హైమ రత్నం సంగతి మొదటినుంచీ చెప్పింది. తను అడగకపోవడం చెప్పింది. తొడుగు వదులుగా ఉండటం చెప్పింది. జాబితా చెప్పింది.

ఆయన మొదట మండిపడ్డాడు. "అయితే నాను తప్పు సేసినానంటావా? పరాయి ఆడపిల్లని ముట్టుకోకపోడం తప్పా?"

"తప్పనడం లేదు తాతా. నీ చేతికి తెలియని చోటు ఒకటుంది. అది తెలియనట్టు తొడుగు మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు."

సూరిదేముడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వీధిలో ఉల్లిపాయల బండి వెళ్ళిపోయిన తరువాత, అటు తిరిగే మాట్లాడాడు.

"మీ అమ్మమ్మ తుంటి నొప్పని ఆరేళ్ళు అంది. ఊరందరి నొప్పులూ నా ఏళ్ళకి తెలిసీవి. దానిది మట్టుకు ఆడోళ్ళ నొప్పి, నాకేటి తెలుస్తాదని ఊరుకున్నాను. పెళ్ళాం కాళ్ళు పట్టినోడని వ్యాయామశాలలో నవ్వుతారని... అదే అసలు సంగతి. మంచం పట్టినాక ఒక్కసారి సెయ్యేసి సూద్దునా అనిపించింది. సిగ్గేసింది. దాని ముందు కూడా సిగ్గేసింది."

హైమ ఎప్పుడూ వినని మాట అది. అమ్మమ్మ గోడ పట్టుకుని నడవడం మాత్రం గుర్తుంది.

"రాసీయమ్మా" అన్నాడు ఆయన. "ఉన్నదున్నట్టు రాసీ. నా పేరు దాయకు. ఇంకో పిల్ల ఎముక ఇరిగితే ఆ పాపం ఎవలు మోస్తారు?"

హైమ రాసింది. 'నేను అడగవలసిన ప్రశ్నలు అడగలేదు. తొడుగుకు ఆడవాళ్ళ శరీరం తెలియదు. తెలియదన్న సంగతిని చెప్పే మార్గం దానికి లేదు. మూడూ నిజమే. ఒకటి మరొకదాన్ని మాఫీ చేయదు.' జాబితా జత చేసింది.

విచారణ సంఘం సుభాషిణిని పిలిచింది. అధ్యక్షుడు "విద్యార్థిని ఆరోపణను ఒప్పుకుంటారా?" అని అడిగినప్పుడు నివేదిక తన వైపు లాక్కుని అడుగున సంతకం చేసింది. "మొదటి రోజు వచ్చిన హాకీ అమ్మాయిని వెనక్కి పంపింది నేనే. ఆ తరువాత ఇంకెవరినీ పిలవలేదు. నేను కూడా ఆడదాన్నే, నాకూ తట్టలేదు" అంది.

పది రోజుల్లో పంతొమ్మిది అకాడమీలకూ ఉత్తరాలు వెళ్ళాయి. మహిళలకు వాడకూడదన్నారు. సగం అకాడమీలు తొడుగులనే తిప్పి పంపేశాయి. ప్రయోగశాలలో ఇద్దరు తప్ప అందరూ వేరే పనులకు వెళ్ళిపోయారు. హైమ మైదానంలో చేసిన నాలుగు వందల పన్నెండు గంటలు రద్దయ్యాయి. పరీక్ష ఏడాది వెనక్కి పోయింది. తోటివాళ్ళు సర్టిఫికెట్లు తీసుకున్న రోజున ఆమె ఐస్ సంచులు నింపుతూ రెండో గంట సంతకం కోసం నిలబడి ఉంది.

* * *

రత్నం ఆమెను దగ్గరికి రానివ్వలేదు. ఆసుపత్రికి వెళ్తే ముఖం తిప్పుకునేది. హైమ రోజూ వెళ్ళి దానమ్మతో కాసేపు కూర్చుని, రాగి జావ, ఉడకబెట్టిన గుడ్లు ఇచ్చి వచ్చేసేది. ఇరవై మూడో రోజు రత్నం తనే పిలిచింది.

"నాకు మళ్ళీ పరిగెత్తాలని ఉంది. నువ్వు సేయిస్తావా?"

"చేయిస్తాను."

"అయితే ఒకటి. నాను సెప్పిందే ముందు ఇనాలి. నీ ఏళ్ళు సెప్పింది తర్వాత."

హైమ తల ఊపింది.

డాక్టరు అనుమతించిన రోజు నుంచి విశ్వవిద్యాలయం చికిత్స గదిలో, పర్యవేక్షకురాలి ఎదుట, వారానికి నాలుగు రోజులు సాగింది. ఒకనాడు సూరిదేముడు వస్తానన్నాడు. హైమ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గదిలోకి అడుగుపెట్టి రత్నం ముందు నిలబడ్డాడు. ఏదో చెప్పాలని వచ్చినవాడు కాస్తా చేతులు జోడించాడు.

"ఎందుకు తాతా, కూకో" అంది రత్నం.

ఆయన కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అంతకు మించి ఆయనకు చేతకాలేదు. అటు చూస్తూనే అడిగేవాడు. "ఏటి తగుల్తంది?"

"తాడులా ఉంది తాతా. బయటి వైపు" అనేది హైమ.

"ఒత్తకు. ఏలు ఊరికే పెట్టి ఉంచు. పది లెక్కెట్టు. కరుగుతందా?"

"...కొంచెం."

"అద్దీ. ఇప్పుడు దాని ఎనక్కి ఎల్లు."

ఉత్త వేళ్ళతో హైమ నేర్చుకుంది. మొదటి రెండు నెలలూ ఏమీ తెలిసేది కాదు. మూడో నెలలో ఒకరోజు, ఆయన చెప్పకముందే, బిగిసిన కండ పక్కన అలిసిన కండ వేరుగా తెలిసింది. రెండూ ఒకేలా గట్టిగా ఉంటాయి. అలిసినది మాత్రం వేలి కింద సన్నగా అదురుతుంది. ఆమె ఆ మాట చెప్పగానే సూరిదేముడు గోడ వైపు చూస్తూ పెద్దగా నవ్వాడు. "దానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది" అన్నాడు.

గజ్జ దగ్గరికి వచ్చేసరికి ఆయన తడుముకున్నాడు. "అక్కడ మగోడికైతే కింది దాకా ఒకే పట్టీలా ఉంటాది. ఆడపిల్లకి..." చాలాసేపు ఆగాడు. హైమ వేలు కదపకుండా ఎదురుచూసింది. "నాకు తెల్దమ్మా" అన్నాడు ఆఖరికి.

డెబ్బై ఆరేళ్ళ ఆ మనిషి నోట ఆ మాట హైమ ఎప్పుడూ వినలేదు. ఎవరూ విని ఉండరు.

బల్ల మీద నుంచి రత్నం అంది, "నాకు తెల్సు కదా. నాను సెప్తాను. నువ్వు కూడా ఇను తాతా."

ఆ రోజు రత్నం చెబుతూ పోయింది, వాళ్ళిద్దరూ విన్నారు. ఎక్కడ లాగుతుందో, ఎక్కడ మంటగా ఉంటుందో, నెలసరి మళ్ళీ మొదలైనప్పటి నుంచీ ఏ రోజున ఎలా ఉంటుందో చెప్పింది. హైమ అంతా రాసుకుంది. ఇవి ఏ పుస్తకంలోనూ ఈ తీరున లేవు. ఇన్నేళ్ళు ఆడవాళ్ళ ఒళ్ళు పట్టి తెలుసుకున్న సూరిదేముడి లాంటి మనిషి ఒక్కరు కూడా ఈ ఊళ్ళో లేరని, అలాంటి చేతులు ఎక్కడా దొరకవని, వాటిని ఇప్పుడే మొదలుపెట్టి తయారుచేయాలని ఆమెకు అప్పుడు తోచింది.

రత్నం పద్నాలుగు నెలలకు మళ్ళీ పరిగెత్తింది. పాత వేగం రాలేదు, నాలుగు సెకన్లు వెనకబడింది. రెండేళ్ళు పోటీల్లో పాల్గొని, తనంతట తనే మానేసి, వాళ్ళ పల్లెలో ఆడపిల్లలకు పరుగు నేర్పడం మొదలుపెట్టింది. హైమ రద్దయిన గంటలు మళ్ళీ మొదటినుంచి చేసి, పన్నెండు వందలూ పూర్తి చేసి, సర్టిఫికెట్ పరీక్ష నెగ్గి, అదే విశ్వవిద్యాలయంలో మహిళా జట్ల చికిత్సకురాలిగా చేరింది. సర్టిఫికెట్‌ను సూరిదేముడు చేత్తో తడిమి చూశాడు. ఆ మరుసటి ఏడాది చలికాలంలో పోయాడు.

* * *

ఎనిమిదేళ్ళకు సుభాషిణి ఆమె గదికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. కుర్చీలో కూర్చుని కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, "ఎంతమందిని చూశావు ఇప్పటికి?" అని అడిగింది.

"తొమ్మిది వందల ఆరుగురిని."

"నీ చేతులు ఇస్తావా?"

హైమ వారం ఆలోచించింది. ఒక షరతు పెట్టింది. తొడుగుకు బిగువు, వదులు అని రెండే మాటలు ఉండకూడదు. తను ముట్టుకోని ఒళ్ళు, తను ఎరగని నొప్పి ఎదురైతే అది ఆ సంగతి ఒప్పుకోవాలి. సుభాషిణి ఆ ఒక్కదానికే రెండేళ్ళు కష్టపడింది. తెలిసినదాన్ని యంత్రానికి నేర్పడం తేలికేనని, తెలియనిదాని పొలిమేర ఎక్కడుందో నేర్పడమే కష్టమని అనేది.

కొత్త తొడుగును మొదటిసారి మూడో ఏడాది విద్యార్థిని ఇందుమతికి ఇచ్చారు. బల్ల మీద కూర్చున్నది విల్లు పట్టే అమ్మాయి, పాడేరు వైపు నుంచి వచ్చింది. పదిహేడేళ్ళుంటాయి. రెండో ఏట పోలియో లాంటి జ్వరమేదో వచ్చి ఒక భుజం సరిగా పెరగలేదు. అయినా ఆ భుజంతోనే రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంది. ఈమధ్య బాణం వదిలాక చెయ్యి దించలేకపోతోంది.

ఇందుమతి వేళ్ళు మెడ నుంచి భుజం మీదికి దిగాయి. ఒకచోట తొడుగు సన్నగా వణికింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టింది. మళ్ళీ వణికింది.

"మేడమ్, నాకు రావడం లేదు. బిగియడం లేదు, వదలడం లేదు. వణుకుతోంది. ఇంకోసారి చూడనా?"

"అక్కర్లేదు" అంది హైమ. "నువ్వు సరిగ్గానే చేశావు. అలాంటి భుజాన్ని నేనెప్పుడూ చూడలేదు, అది ఆ సంగతే ఒప్పుకుంటోంది. తొడుగు తీసి పక్కన పెట్టు. కుర్చీ దగ్గరికి లాక్కో."

ఇందుమతి తొడుగు విప్పి, కుర్చీ లాక్కుని, ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక హైమ వైపు ఒకసారి చూసింది. హైమ విల్లు అమ్మాయి వైపు తల ఊపింది.

"ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది ఇందుమతి.

విల్లు అమ్మాయి తన భుజం మీద చెయ్యి వేసుకుని, కాస్త ఆలోచించుకుని, చెప్పడం మొదలుపెట్టింది.